సినిమా ఎలా ఉందని అడిగితే నాలుగు లైన్లలో చెప్పడం ఎలా

శుక్రవారం విజయవాడ గాంధీనగర్‌లో మార్నింగ్ షో వదిలాక, బైక్ స్టాండ్‌లో టోకెన్ కోసం జేబులు తడుముకుంటూ ఉండగానే ఫోన్‌లో ఆరు మెసేజ్‌లు వచ్చి ఉంటాయి. ఆరింట్లోనూ ఒకటే మాట, "ఎలా ఉంది?" గుంటూరు బ్రాడీపేట నుంచి మా తోడల్లుడు, హైదరాబాద్ హాస్టల్ నుంచి మేనకోడలు, మా షాపు పక్కన బట్టల కొట్టాయన, మా ఆవిడ, ఇంకో ఇద్దరు. నాది గవర్నర్‌పేటలో చిన్న ఎలక్ట్రికల్ షాపు. శుక్రవారం సినిమా అనేది ఇంటర్ రోజుల నుంచీ ఉన్న జబ్బు, ఇప్పుడు షాపు తమ్ముడికి అప్పజెప్పి మరీ పోతున్నాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు తీసి నొక్కుతారే, మా బంధువులందరికీ ఆ మెతుకుని నేనే.

చాలా ఏళ్లు నేను చెప్పింది "సూపర్", "వేస్ట్", "పర్లేదు" ఈ మూడే. అందులో "పర్లేదు" పెట్టిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. నేను పర్లేదంటే బాగుందని, మా ఆవిడ పర్లేదంటే బాగాలేదని, మా తోడల్లుడి చెవికి పర్లేదు అని వినబడితే వెంటనే నలుగురికీ టికెట్లు తీసెయ్యమని అర్థం. మూడు నాలుగుసార్లు డబ్బులు పోగొట్టించి, మొహాలు మాడ్చుకున్నాక, ఇప్పుడు నాలుగు లైన్లు రాస్తున్నాను. ఎక్కువా కాదు, తక్కువా కాదు. మీ ఇంట్లో ఆ మెతుకు మీరే అయితే ఇది పనికొస్తుంది.

ముందు అడుగుతున్నది ఎవరో చూడండి

"ఎలా ఉంది" అని అందరూ ఒకేలా అడుగుతారు గానీ అందరికీ కావాల్సింది ఒకటి కాదు. మా ఆవిడ అడిగితే, ఆదివారం అత్తయ్యగారిని తీసుకెళ్లొచ్చా, ఆవిడ అంతసేపు కూర్చోగలరా, మధ్యలో అందరం తలలు దించుకోవాల్సిన సీన్లేమైనా ఉన్నాయా అని. తోడల్లుడు అడిగితే అది లెక్క. మల్టీప్లెక్స్‌లో 150 రూపాయల టికెట్‌కి 18 శాతం జీఎస్టీ కలిపి 177, నలుగురికి 708, ఆన్‌లైన్‌లో తీస్తే వాళ్ల ఫీజు పైన, పెద్ద హీరో సినిమా అయితే జీవో తెచ్చుకుని మొదట్లో కొన్నాళ్లు రేటు ఇంకా పెంచుతారు, పాప్‌కార్న్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అంత పెట్టొచ్చా లేదా అన్నదే అతని ప్రశ్న. మేనకోడలు అడిగితే, ఇప్పుడే పోవాలా, ఓటీటీలోకి వచ్చేదాకా ఆగొచ్చా అని. ఆగడం ఇప్పుడు పెద్ద కష్టం కూడా కాదు, "లిటిల్ హార్ట్స్" 2025 సెప్టెంబర్ 5న హాళ్లలోకి వచ్చి అక్టోబర్ 1కల్లా ఈటీవీ విన్‌లో ఉంది. ఇక పక్క కొట్టాయనకి కథతో పని లేదు, వాళ్ల హీరోది ఆడుతుందా లేదా, అంతే. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

ఆరుగురికీ ఆరు మెసేజ్‌లు రాయమనడం లేదు, నాకూ అంత ఓపిక లేదు, ఒకటే రాసి అందరికీ పంపుతాను. రాసేటప్పుడు మాత్రం ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటాను. నా మటుకు అది మా అత్తయ్యగారు. ఆవిడకి "స్క్రీన్‌ప్లే గ్రిప్పింగ్‌గా ఉందండీ" అని చెప్పలేం కదా. చెప్తే, "అంటే ఏంటి నాయనా, పట్టుచీర కట్టుకుని రావొచ్చా?" అంటారు.

హాల్లో ఏం చూడాలి

తెర మీద మొదట సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది. జనం సగం మంది అప్పుడు ఫోన్ లైటుతో సీటు నంబరు వెతుక్కుంటూ ఉంటారు. మీరు మాత్రం అది చూడండి. 2024 నవంబర్ నుంచి యూఏని, అంటే పిల్లలు పెద్దల సలహాతో చూడదగ్గ సినిమాలకి ఇచ్చే సర్టిఫికెట్‌ని, మూడు ముక్కలు చేశారు, 7+, 13+, 16+ అని. యూఏ 13+ అంటే అంతకన్నా చిన్నపిల్లలకి చూపించాలా వద్దా అనేది తల్లిదండ్రుల ఇష్టం, హాలువాళ్లు ఆపరు. "ఎ" పడితే మాత్రం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లని లోపలికి పంపకూడదు. సినిమా నిడివి కూడా అక్కడే ఉంటుంది. పిల్లలున్న ఇళ్లకి మన అభిప్రాయం కంటే ఈ రెండు ముక్కలే ఎక్కువ అవసరం, అయినా ఎవరూ చెప్పరు.

తర్వాత జనాన్ని చూడండి. నేను చీకట్లో నోట్స్ రాసుకునే రకం కాదు, రాసినా నా రాత నాకే అర్థం కాదు. నేను చూసేదల్లా ఫోన్లు ఎప్పుడు వెలుగుతున్నాయి అని. వెనక వరసల్లో కూర్చుంటే ఇది బాగా తెలుస్తుంది. సినిమా పట్టుకున్నంతసేపూ కింద అంతా నల్లగా ఉంటుంది. పట్టు జారిందా, ముందు ఏదో మూల ఒకటి వెలుగుతుంది, కాసేపటికి రెండు వరసల అవతల ఇంకొకటి, ఐదు నిమిషాలు అలాగే సాగిందంటే హాల్లో దీపావళే. ఆ సీన్ ఏదో గుర్తుపెట్టుకోండి, రేపు "ల్యాగ్ ఉంది" అని గాల్లో రాసే బదులు "చెల్లెలి పెళ్లిచూపుల దగ్గర నుంచి ఫ్యాక్టరీ ఫైట్ దాకా జారిపోయింది" అని రాయొచ్చు. పాట రాగానే లేచి వెళ్లేవాళ్లని లెక్కలోకి తీసుకోవద్దు, షుగరున్నవాళ్లు పాట ఎప్పుడొస్తుందా అనే కాచుకుని ఉంటారు. మాటల సీన్ మధ్యలో కుర్చీలు టప్ టప్‌మని మూసుకున్న చప్పుడు వినబడితే మాత్రం దర్శకుడు కంగారు పడాలి.

అయితే మొదటి రోజు మొదటి ఆట జనాన్ని పూర్తిగా నమ్మకండి. వాళ్లలో చాలామంది సర్టిఫికెట్‌కి కూడా ఈలలు వేసే రకం. అక్కడ నమ్మదగింది మన చెయ్యి. అది ఎప్పుడు మనకి తెలియకుండా జేబులోకి పోయి ఫోన్ తీసిందో చూసుకోండి, అంతకన్నా నిజం చెప్పేవాడు హాల్లో ఇంకొకడుండడు.

ఇంటర్వెల్‌లో మెసేజ్ పెట్టొద్దు. దీనికి నేను కట్టిన ఫీజు పెద్దది. ఒకసారి ఫస్టాఫ్ ఎంత బాగుందంటే, ఇంటర్వెల్ పడగానే సమోసా ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో "అన్నీ వదిలేసి వచ్చెయ్" అని తోడల్లుడికి కొట్టాను. అతను అక్కడికక్కడే సెకండ్ షోకి నాలుగు టికెట్లు తీశాడు. ఇక్కడ నా సమోసా పూర్తి కాకముందే సినిమా కింద పడింది, ఫ్లాష్‌బ్యాక్‌లోకి వెళ్లి బయటికి రావడం మర్చిపోయారు. అప్పుడు ఇంకో మెసేజ్ పెట్టాను, "తొందరపడొద్దు, ఆగు" అని. అప్పటికే క్యాన్సిల్ చేసే అవకాశం పోయింది. ఆ ఏడాది సంక్రాంతికి మేం గుంటూరు వెళ్తే అరిసెలు పెట్టారు గానీ సినిమా మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంకోటి, స్టేటస్ కోసం తెరని వీడియో తియ్యొద్దు. హీరో ఎంట్రీ ముప్పై సెకన్లే కదా అనుకుంటారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు, హాల్లో సినిమాని గానీ అందులో కొంత భాగాన్ని గానీ దొంగతనంగా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా మూడు లక్షల నుంచి మొదలు. మీ నాలుగు లైన్లకి ఆ వీడియో అవసరమే లేదు.

హాలు తప్పు హాలుదే

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది, అదీ నేను ఎలక్ట్రికల్ షాపువాణ్నయ్యుండి, సిగ్గుపడాల్సిన విషయం. రెండేళ్ల కిందట ఒక హాల్లో సినిమా చూస్తుంటే పాటలు బ్రహ్మాండంగా వినబడుతున్నాయి, మాటలు మాత్రం బావిలోంచి వచ్చినట్టు. నేను ఇంటికొచ్చి "డైలాగులు ముద్దముద్దగా ఉన్నాయి, హీరోయిన్ డబ్బింగ్ కుదరలేదు" అని దర్జాగా రాసి పంపాను. ఆదివారం గుంటూరులో అదే సినిమా చూసి తోడల్లుడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నీకు చెవులేమైనా ఇబ్బందా, ప్రతి మాటా గుడిలో గంటలా వినబడింది." అప్పుడు వెలిగింది. మాటలు ఎక్కువగా తెర వెనక మధ్యలో ఉండే స్పీకర్లోంచి వస్తాయి. అది చెడిపోతే పక్క స్పీకర్లలో పాటలు మోగుతూనే ఉంటాయి, మాటలు మునిగిపోతాయి. అలాగే ప్రొజెక్టర్ లాంప్ పాతదైతే బొమ్మ మసకబారి రాత్రి సీన్లన్నీ బొగ్గు గనిలో తీసినట్టుంటాయి, మనం వచ్చి కెమెరామన్‌ని తిడతాం.

కాబట్టి మాటలు వినబడకపోతే, బొమ్మ చీకటిగా ఉంటే, ఏసీ పనిచెయ్యకపోతే అది సినిమా లెక్కలో వెయ్యకండి. మే నెలలో బెజవాడలో ఏసీ లేని మ్యాట్నీ చూసి సినిమా బాగుందని చెప్పగలిగినవాడు మనిషి కాదు. అనుమానంగా ఉంటే "నేను చూసిన చోట సౌండ్ బాగాలేదు, వేరే హాల్లో చూసుకోండి" అని ఒక ముక్క కలపండి చాలు.

మీ సంగతి కూడా అంతే. తలనొప్పితో వెళ్లారా, షాపులో గొడవపడి వెళ్లారా, ఆకలితో ఉన్నారా? నేనైతే బైక్ స్టాండ్‌లో ఎవరికీ జవాబివ్వను. ఇంటికెళ్లి అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, అప్పుడు రాస్తాను. ఆకలితో రాసిన ప్రతి అభిప్రాయంలోనూ సినిమాకి ఒక మార్కు తగ్గుతుంది.

ఇక ఆ నాలుగు లైన్లు

ముందు ఎలా రాయకూడదో చూద్దాం. "కథ రొటీనే అయినా స్క్రీన్‌ప్లే బాగుంది, హీరో నటన అదుర్స్, బీజీఎం నెక్స్ట్ లెవెల్, సెకండాఫ్ కాస్త ల్యాగ్, ఓవరాల్‌గా వన్ టైమ్ వాచబుల్." ఇది ఏ సినిమా గురించో చెప్పండి చూద్దాం. చెప్పలేరు, ఎందుకంటే గత పదేళ్లలో వచ్చిన సగం సినిమాలకి ఇది అతుక్కుంటుంది. నేను పెట్టుకున్న పరీక్ష ఇదే: రాశాక సినిమా పేరు తీసేసి పోయిన వారం సినిమా పేరు పెట్టి చదువుతాను. అప్పుడు కూడా నప్పిందంటే చెరిపేసి మళ్లీ మొదలుపెడతాను.

మొదటి లైన్లో ఎవరు వెళ్లొచ్చో, ఎవరు ఆగొచ్చో చెప్పెయ్యాలి. జనం మిగతా మూడు చదువుతారని గ్యారంటీ లేదు. రెండో లైన్ కథ, ఒక్క గుక్కలో, అదీ ట్రైలర్‌లో చూపించినంత వరకే. మూడో లైనే అసలు పని, అక్కడ మీరు కళ్లారా చూసిన ఒక్క విషయం పెట్టాలి, ఒక సీనో, ఒక చూపో, పక్క సీటాయన ఏం చేశాడో. నాలుగోది మీకు నచ్చనిది, ఎక్కడో గురి చూసి చెప్పాలి. ఈ వరసే ఉండాలని లేదు, కొన్నిసార్లు నాకు మూడో లైనే మొదట తన్నుకొస్తుంది, అలాగే పంపేస్తాను.

మూడు చూపిస్తాను. మూడూ 2025లో వచ్చినవే, ఇప్పుడు ఇంట్లోనే చూసుకోవచ్చు కాబట్టి నాతో గొడవ పెట్టుకోవాలన్నా మీకు వీలుగా ఉంటుంది.

"కోర్ట్" మార్చి 14న వచ్చింది, రామ్ జగదీష్ దర్శకత్వం. నేను పంపింది ఇది: "టెన్త్ దాటిన పిల్లలున్న ఇంట్లో అందరూ కలిసి చూడాల్సిన సినిమా, చిన్నపిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకి బోర్. పంతొమ్మిదేళ్ల అబ్బాయి, పదిహేడేళ్ల అమ్మాయి ప్రేమించుకుంటారు, అమ్మాయి తరఫు పెద్దమనిషి అబ్బాయి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు, ప్రియదర్శి లాయరు. శివాజీ వేసిన మంగపతి గుమ్మంలోకి రాగానే నా పక్క సీట్లో ఉన్న పెద్దావిడ తన చీర కొంగు సర్దుకుంది, ఇంకేం చెప్పను. మొదట్లో ప్రేమ సీన్లు మాత్రం నాకు నెమ్మదిగా అనిపించాయి, కోర్టులోకి అడుగుపెట్టాక కదల్లేదు."

ఆ కొంగు ముక్క లేకపోతే నేను "శివాజీ విలనిజం అదిరింది" అని రాసేవాణ్ని. అది వందమంది రాశారు. చూసింది రాశాను కాబట్టి మా ఆవిడ అది చదివి, "అలాంటి మనిషి మా పెదనాన్నల్లో ఒకాయన ఉండేవాడు" అంది, శనివారం ఫస్ట్ షోకి బయల్దేరింది.

"లిటిల్ హార్ట్స్"కి పంపింది: "కాలేజీ పిల్లలు, వాళ్ల కోసం ఫీజులు కట్టి అలసిపోయిన అమ్మానాన్నలు వెళ్లండి. ఎంసెట్‌లో ర్యాంకు రాని కుర్రాడికి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో తనలాంటి అమ్మాయే తగులుతుంది, అంతే కథ. ఇంట్లో మార్కుల గురించి తండ్రి అడిగే సీన్లలో హాల్లో పిల్లలు నవ్వుతున్నారు, నాన్నలు నవ్వాలా వద్దా అని పక్కకి చూస్తున్నారు. జోకుల్లో కొన్ని ఫోన్‌లో రీల్స్ చూసేవాళ్లకే తగుల్తాయి, నాకు రెండు మూడు అర్థం కాలేదు." మన బెజవాడ, గుంటూరు జనానికి లాంగ్‌టర్మ్ అనే మాట వినబడితేనే కడుపులో తిప్పుతుంది, ఈ రెండూళ్ల మధ్య ఎన్ని హాస్టళ్లు, ఎన్ని మెస్‌లు ఆ మాట మీదే బతుకుతున్నాయో. అందుకని ఆ సినిమాకి ఇక్కడ కథ విడమర్చి చెప్పక్కర్లేదు, లాంగ్‌టర్మ్ అంటే చాలు. మీ ఊరి జనానికి ఏ మాట సూటిగా తగుల్తుందో ఆ మాట వాడండి.

మూడోది "కుబేర", జూన్ 20న వచ్చింది, శేఖర్ కమ్ముల. "తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లండి, మూడు గంటల సినిమా. తిరుపతిలో అడుక్కునే దేవాని వేల కోట్ల వ్యవహారంలోకి ఈడ్చుకెళ్తారు, నాగార్జున సీబీఐలో పనిచేసినాయన. ధనుష్ అడుక్కుంటున్నప్పుడు కాదు, కొత్త బట్టలు వేసి నిలబెట్టినప్పుడు చూడండి, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పడే అవస్థ. చివరి గంట ఇంకాస్త కత్తిరించి ఉంటే బాగుండేది, సెకండ్ షోకి వెళ్తే ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది." ఆఖరి ముక్క సినిమా గురించి కాదని మా మేనకోడలు వెక్కిరించింది. అత్తయ్యగారికి మాత్రం అదొక్కటే పనికొచ్చింది, మ్యాట్నీకి వెళ్లారు.

కథ ఎంత చెప్పాలి అనే దాని మీద నా చేదు అనుభవం ఒకటుంది. ఓ సస్పెన్స్ సినిమాకి మా మరదలికి ఇలా రాశాను: "ఎవరు చంపారో చెప్పను గానీ, డాక్టర్ కాఫీ కలిపే సీన్ జాగ్రత్తగా చూడు." ఎంత నేర్పుగా దాచానో అని మురిసిపోయాను కూడా. ఆవిడ రాత్రి ఫోన్ చేసింది. "బావగారూ, డాక్టర్ తెర మీదకి వచ్చిన ప్రతిసారీ మా పిల్లలిద్దరూ 'వీడే వీడే' అని అరిచారు, ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి తిట్టారు." అప్పటి నుంచి సస్పెన్స్ సినిమా అయితే చివర్లో మలుపు ఉందన్న సంగతి కూడా రాయను. ఉందని తెలిస్తే మనిషి సినిమా చూడ్డం మానేసి వెతకడం మొదలుపెడతాడు.

మాటల గురించి కాస్త

"రొట్ట", "సుత్తి", "క్రింజ్", "ఓవర్", "ల్యాగ్" ఇవన్నీ వాడండి, నేనూ వాడతాను, అచ్చ తెలుగులో వ్యాసం రాయమని ఎవరూ అడగలేదు. కాకపోతే ఆ మాట పక్కన ఒక సాక్ష్యం ఉండాలి. సుత్తి అంటే సరిపోదు, "హీరో ఫ్రెండ్ ఒకే జోకు నాలుగుసార్లు చెప్పాడు" అంటే అది సుత్తి అని వాళ్లే అనుకుంటారు. (ఈ సుత్తి అనే మాటని జంధ్యాల సినిమా "నాలుగు స్తంభాలాట" ఇంటింటికీ పంపింది, అందులో సుత్తి కొట్టిన వీరభద్రరావు గారు అంతకుముందు మన విజయవాడ ఆకాశవాణిలో పనిచేసినాయనే. అంటే ఆ మాట మీద మనకి కాస్త హక్కుందన్నమాట.)

"డిజాస్టర్", "బ్లాక్‌బస్టర్" మాత్రం వాడొద్దని నా సలహా. అవి డబ్బు మాటలు. సినిమా కొన్నాయనకి పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా లేదా అనే లెక్క అది. మొదటి రోజు మధ్యాహ్నం ఆ లెక్క మీకెలా తెలుస్తుంది? జనం టికెట్లకి కట్టిన మొత్తం గ్రాస్, అందులో పన్నులు, హాలు అద్దె పోగా మిగిలేది షేర్, ఆ షేర్ డిస్ట్రిబ్యూటర్ పెట్టుబడి దాటితే హిట్టు. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని విడివిడిగా అమ్ముతారు కాబట్టి ఒకే సినిమా కృష్ణాలో ఒకాయన్ని నిలబెట్టి గుంటూరులో ఇంకొకాయన్ని ముంచొచ్చు. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుల దగ్గర టీ తాగేవాళ్లకి అది జీవన్మరణ సమస్య. మీ వదినగారికి కాదు. ఆవిడకి ఆదివారం మూడు గంటలు ఎలా గడుస్తాయన్నది కావాలి. నాకు బాగా నచ్చిన సినిమాల్లో డబ్బులు రానివి బోలెడు, రెండో రోజుకే లేచిపోయినవి కూడా ఉన్నాయి.

రేటింగు నేను వెయ్యను. 2.75 వేసేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం, మూడుకి ఆ పావు ఎక్కడ తగ్గిందో తూకం వేసి చూపించమనాలనిపిస్తుంది. హీరోయిన్ ఒళ్లు, రంగు, లావు మీద కామెంట్లు కూడా రాయను. ఆ మెసేజ్ మా మేనకోడలు కూడా చదువుతుంది.

అభిమానులకి చెప్పాల్సి వస్తే

ఇప్పుడు పక్క బట్టల కొట్టాయన. వాళ్ల హీరో సినిమా బాగాలేదంటే మా షాపుకి రెండు రోజులు టీ ఆగిపోతుంది, ఇది నేను అనుభవం మీద చెప్తున్నాను. అబద్ధం చెప్తే ఆయనకే కోపం వస్తుంది, ఎందుకంటే సాయంత్రం ఎలాగూ చూస్తాడు, చూసి వచ్చి "నాకోసం బాగుందన్నావు కదూ" అంటాడు. కాబట్టి ఆయనకి నేను చెప్పే పద్ధతి వేరు. హీరో నిజంగా బాగా చేసిన చోటు ఒకటి పట్టుకుంటాను, ఎంత చెత్త సినిమాలో అయినా ఒకటి దొరుకుతుంది, అది ముందు చెప్తాను. తర్వాత ఎక్కడ పడిపోయిందో సీన్ పేరుతో చెప్తాను, మనిషి పేరుతో కాదు. "మీవాడు చెయ్యలేకపోయాడు" అంటే యుద్ధం, "ఆసుపత్రి సీన్ అంత పొడుగు ఎందుకు పెట్టారో" అంటే ఆయనే "అవునండీ, డైరెక్టర్ ముంచాడు" అని అందుకుంటాడు. ఆ డైరెక్టర్‌కి కొంచెం అన్యాయమే, ఏం చేస్తాం.

ఇంకో హీరో పేరు ఆ నాలుగు లైన్లలో పొరపాటున కూడా రాకూడదు. వచ్చిందా, ఇక అది సినిమా గురించి కాదు. మీరే ఎవరికైనా అభిమాని అయితే ఆ ముక్క ముందే చెప్పేసి మొదలుపెట్టండి, "నేను ఫలానా ఆయన సినిమా అంటే పడి చస్తాను, దాన్ని తీసేసి చదువుకోండి" అని. మా తోడల్లుడు అలాగే రాస్తాడు, అతను పొగిడితే నేను సగం తీసేస్తాను, అతను తిట్టాడంటే మాత్రం ఆ సినిమా జోలికి పోను.

అభిప్రాయం మారితే చెప్పడం కూడా నేర్చుకోవాలి. హాల్లో విసుగొచ్చిన సినిమా మూడు వారాల తర్వాత ఓటీటీలో, ఇంట్లో, మంచం మీద, ఆపుకుంటూ చూస్తే నచ్చిన సందర్భాలున్నాయి నాకు. అదే మళ్లీ రాస్తాను, "మొదట వద్దన్నాను, తప్పు నాదే, ఇంట్లో చూడండి" అని. ఒకసారి మా అత్తయ్యగారు, "నీ మాట విని మానేశాను, ఇప్పుడు నువ్వే చూడమంటున్నావు, ఆ టికెట్ డబ్బులు మిగిల్చావు కదా, అదే పదివేలు" అన్నారు. ఆవిడ తిట్టారో మెచ్చుకున్నారో ఇప్పటికీ తెలీదు.

పోయిన శుక్రవారం కూడా ఇదే తంతు. అన్నం తిన్నాక నాలుగు లైన్లు రాసి, వేరే సినిమా పేరు పెట్టి చదివి చూసుకుని, ఒక లైన్ మార్చి, ఆరుగురికీ పంపాను. తోడల్లుడి దగ్గర్నుంచి పది నిమిషాల్లో జవాబొచ్చింది. "ఆదివారం మ్యాట్నీ, ఆరు టికెట్లు, మీ ఇద్దరికీ కలిపి. నువ్వు రాసిన ఆ తాతగారి సీన్ నీ పక్కన కూర్చుని చూస్తా. బాగాలేకపోతే పాప్‌కార్న్ నీది అన్నయ్యా."